సరుకులో దొరికిన గోధుమరంగు కంపు నల్లులు: జాతి నిర్ధారణ కేసు

నేపథ్యం

దిగుమతైన యంత్రాల సరుకు విప్పుతుండగా చెక్కపెట్టెల సందుల్లోనూ, యంత్రం మీద చుట్టిన ప్లాస్టిక్ మడతల్లోనూ గోధుమరంగు నల్లులు బయటపడ్డాయి. మొత్తం పదకొండు. రెండు ప్రాణంతో ఉన్నాయి, తొమ్మిది ఎండిపోయాయి. ఎండినవాటిలో ఒకదానికి తల, దాని వెనక ఉరం పైరేకు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అన్నీ రెక్కలొచ్చిన పెద్ద పురుగులే. పిల్ల పురుగులు లేవు, గుడ్లు లేవు. సరుకు ఎవరిది, ఏ రేవులో దిగింది అన్న వివరాలు ఇక్కడ వదిలేస్తున్నాం. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు: బయల్దేరిన చోటి నుంచి దిగిన చోటికి వచ్చేలోగా ఈ సరుకు రెండు గోదాముల్లో నిలవ ఉంది. కాబట్టి పురుగులు ఎక్కడ ఎక్కాయో కాగితాలు చూసి చెప్పే వీలు లేదు.

ఇలాంటి సరుకులో గోధుమరంగు కంపు నల్లి కనిపించగానే అందరికీ ముందు గుర్తొచ్చే పేరు హాలియోమోర్ఫా హాలిస్. అలా గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. చైనా, జపాన్, కొరియా, తైవాన్ ప్రాంతాల ఈ నల్లి చలికాలంలో ఎండుగా, ఇరుకుగా ఉండే సందులు వెతుక్కుని గుంపులుగా దాక్కుంటుంది. అందుకే సరుకుతో పాటు ఖండాలు దాటుతుంది. అమెరికాలో దీని నమూనా తొలిసారి 1998లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో దొరికింది, సరైన పేరు తేలింది మాత్రం 2001లో. ఆ మధ్యకాలంలో జనం దాన్ని స్థానిక నల్లే అనుకున్నారు. 2010 నాటికి మిడ్-అట్లాంటిక్ రాష్ట్రాల్లో ఒక్క ఆపిల్ పంటకే 3.7 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. పేరు ఆలస్యంగా తేలితే ఎంత ముప్పో ఈ ఉదాహరణ చాలు. పేరు తప్పుగా తేలినా ముప్పే.

సమస్య

నమూనాలు మా బల్ల మీదికి వచ్చేసరికే వాటికి ఒక పేరు పెట్టేశారు. సరుకు విప్పినచోట ఫోన్‌తో తీసిన రెండు ఫొటోలు చూసి ఎవరో 'హాలిస్' అన్నారు. ఆ తర్వాత మరో ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్ష చేశారు, ఫలితం గజిబిజిగా వచ్చింది. మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "ఇది హాలిస్ అవునా, కాదా?"

ఆ ప్రశ్నను అలాగే తీసుకుంటే పని తేలిక. ఫొటోలోని పురుగును వెతికిపట్టి, పరీక్షించి, అవుననో కాదనో రాసిస్తే సరిపోతుంది. కానీ పదకొండూ ఒకే జాతి అని ఎవరూ చూపలేదు. ఒకే సందులో దొరికాయి, ఒకే రంగులో ఉన్నాయి, ఇంచుమించు ఒకే పొడవు. ఇవి ఒకే జాతి అనుకోవడానికి ఆధారాలు కావు. చలికాలంలో ఒకే గోడ పగుల్లో రెండు మూడు జాతుల నల్లులు కలిసి దాక్కోవడం మామూలే. అందుకే ప్రశ్నను మార్చుకున్నాం: ఈ పదకొండింటిలో ప్రతి ఒక్కటీ ఏది? ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే.

మొదట చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు సరిపోలేదు

ఫొటోలు రెండూ పైనుంచి తీసినవే. వాటిలో కనిపించేది ఇంతే: గోధుమ, బూడిద రంగులు కలిసిన మచ్చల ఒళ్ళు, ఉదరం అంచున ఒకటి విడిచి ఒకటి నల్ల, లేత పట్టీలు, లేత పట్టీలున్న స్పర్శశృంగాలు. ఈ మూడూ హాలిస్‌కు సరిపోతాయి. చిక్కేమిటంటే, యూరప్‌లోనూ పశ్చిమాసియాలోనూ ఉండే రాఫిగాస్టర్ నెబ్యులోసాకు కూడా ఇవి మూడూ సరిపోతాయి. పొడవులోనూ తేడా తెలియదు. హాలిస్ 12 నుంచి 17 మిల్లీమీటర్లు, నెబ్యులోసా 14 నుంచి 16. యూరప్‌లో ఈ రెంటినీ ఒకటిగా పొరబడటం కొత్తేమీ కాదు. నెబ్యులోసా కూడా చలికాలంలో ఇళ్ళలో, సందుల్లో దాక్కుంటుంది కాబట్టి 'సందులో దొరికింది' అన్న ఆధారం కూడా పనికిరాదు. వాసన కూడా అంతే. నొక్కితే ఘాటు వాసన రావడం కుటుంబం మొత్తానికీ ఉన్న లక్షణం, జాతిని పట్టివ్వదు.

తర్వాత ఒక ప్రాంతీయ కీ (ఒక్కో గుర్తూ ఉందా లేదా అని అడుగుతూ పేరు దగ్గరికి తీసుకెళ్ళే పట్టిక) వాడి చూశారు. ఆ కీ మంచిదే. అయితే ఒక ప్రాంతంలో ఉండే నల్లుల కోసమే దాన్ని రాశారు. అందులో హాలిస్ ఉంది గానీ రాఫిగాస్టర్ లేదు. కీలో లేని పురుగును కీలో నడిపిస్తే అది "ఈ పురుగు నా దగ్గర లేదు" అని చెప్పదు. ఉన్నవాటిలో దగ్గరగా కనిపించే పేరు దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తుంది. పొలంలో పట్టిన పురుగుకు ఊరి పేరు, తేదీ తెలుసు కాబట్టి ఆ ప్రాంతపు కీ చాలు. సరుకులో పట్టిన పురుగు ప్రపంచంలో ఎక్కడిదైనా కావచ్చు. కంపు నల్లుల కుటుంబమైన పెంటాటోమిడేలో 4,700కు పైగా జాతులున్నాయి. అలాంటప్పుడు కుటుంబం నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా దిగడమే దారి. విసుగ్గా అనిపించినా అడ్డదారి లేదు.

ఇక డీఎన్‌ఏ. మొదటి ల్యాబ్‌లో సమయం కలిసొస్తుందని అయిదు పురుగుల నుంచి ఒక్కో కాలు తీసి, అన్నీ ఒకే గొట్టంలో వేసి డీఎన్‌ఏ తీశారు. కీటకాల గుర్తింపులో మామూలుగా వాడే, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కను చదివించారు. గ్రాఫ్‌లో ఒక్కో స్థానంలో ఒకే శిఖరం రావాల్సింది. చాలాచోట్ల రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాన్ని "నాణ్యత లేని ఫలితం" అని పక్కన పెట్టేశారు.

మాకు మాత్రం ఈ కేసులో తొలి గట్టి ఆధారం అందులోనే కనిపించింది. జంట శిఖరాలకు మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, బయటి డీఎన్‌ఏ కలవడం. రెండు, మైటోకాండ్రియా జన్యువుకు కేంద్రకంలో ఉండే పాత నకళ్ళు కూడా వృద్ధి కావడం. మూడు, గొట్టంలోని కాళ్ళు నిజంగానే రెండు జాతులవి కావడం. మొదటి రెంటికీ ఒక్కో పురుగును విడిగా చేసినా గ్రాఫ్ చెడిపోవాలి. మూడోది నిజమైతే విడివిడిగా చేసినప్పుడు ప్రతిదీ శుభ్రంగా రావాలి. అంటే ఈ అనుమానం తీర్చుకోవడానికి కొత్త పద్ధతులేమీ అక్కర్లేదు, కాళ్ళను విడదీస్తే చాలు. ఇంకో సంగతి: ఎండిన పురుగుల్లో డీఎన్‌ఏ తునకలైపోయి ఉంటుంది. తాజా పురుగు కాలు ఒక్కటి ఆ గొట్టంలో ఉన్నా దాని సంకేతమే పెద్దగా వినిపించి మిగతావాటిని కప్పేయగలదు. ఇక్కడ రెండూ బయటికి రావడం మన అదృష్టం. లేకపోతే శుభ్రమైన గ్రాఫ్, దాని మీద ఒకే పేరు, ఆ పేరు పదకొండింటికీ.

పనిచేసిన దారి

ముందుగా ప్రతి పురుగుకూ ఒక అంకె ఇచ్చి, వేరే వేరే సీసాల్లో పెట్టాం. ప్రాణంతో ఉన్న రెంటినీ మూత బిగించిన గొట్టాల్లోనే ఉంచి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో 48 గంటలు పెట్టాం. చలికాలపు నిద్రలో ఉన్న నల్లులు చలిని బాగా తట్టుకుంటాయి కాబట్టి కొద్దిగంటలతో సరిపెట్టకూడదు. పిన్ను గుచ్చకముందే కాళ్ళున్న ప్రతిదాని నుంచి కుడివైపు మధ్యకాలు ఒకటి తీసి, విడివిడిగా 95 శాతం ఆల్కహాల్‌లో వేశాం. ఎప్పుడూ ఒకే వైపు కాలు తీయడం వల్ల రెండోవైపు ఆకార పరీక్షకు పూర్తిగా మిగులుతుంది. పట్టకారును ప్రతి పురుగుకూ మధ్య బ్లీచ్‌తో కడిగి, నీళ్ళతో తుడిచాం.

ఎండిన పురుగుల్ని తిన్నగా తిప్పబోతే స్పర్శశృంగాలు, కాళ్ళు విరుగుతాయి. మూత ఉన్న డబ్బాలో తడి ఇసుక, దాని మీద ఫిల్టర్ కాగితం, బూజు పట్టకుండా రెండు మూడు థైమాల్ పలుకులు వేసి, పురుగుల్ని అందులో ఒక రోజు ఉంచాం. కీళ్ళు ఇంకా బిగుసుకుని ఉంటే మరో రోజు. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన సన్నని కుంచెతో దుమ్ము తుడిచాం. పిన్ను మధ్యగీతకు కొంచెం కుడిగా స్కూటెల్లం (వీపు నడుమ ఉండే త్రికోణపు పలక) గుండా దించాలి. నల్లుల్లో అదే పద్ధతి. మధ్యలో గుచ్చితే అడుగున మనకు కావాల్సిన గుర్తులే పాడవుతాయి.

అన్నిటినీ వెల్లకిలా తిప్పాకే అసలు పని మొదలైంది.

ముందు కుటుంబం. స్పర్శశృంగాల్లో అయిదు ఖండాలు, టార్సస్‌లో (కాలి చివరి పాదభాగంలో) మూడు, త్రికోణపు స్కూటెల్లం ఉదరాన్ని మొత్తం కప్పేయకపోవడం, ముందుకాళ్ళలో మట్టి తవ్వే బలమైన ముళ్ళు లేకపోవడం. ఇవన్నీ కలిస్తే పెంటాటోమిడే. స్కూటెల్లం ఉదరాన్ని మొత్తం కప్పితే స్కుటెల్లెరిడే, కాళ్ళ నిండా గట్టి ముళ్ళుంటే సిడ్నిడే, టార్సస్‌లో రెండే ఖండాలుంటే అకాంథోసొమాటిడే వైపు చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: పిల్ల దశలో స్పర్శశృంగం తెగితే అది మళ్ళీ పెరిగేటప్పుడు నాలుగు ఖండాలతోనే ముగిసిపోవచ్చు. మా లాట్‌లో ఆరో నంబరు పురుగుకు ఎడమవైపు అయిదు, కుడివైపు నాలుగు ఉన్నాయి. ఒకవైపే లెక్కపెడితే దారి తప్పడం ఖాయం. రెండువైపులా లెక్కపెట్టాలి.

తర్వాత తొండం. కంపు నల్లులన్నీ పంటను పీల్చేవే కావు. ఎసోపినే ఉపకుటుంబంలోని నల్లులు గొంగళిపురుగుల్ని వేటాడి తింటాయి. ఇయోకాంథెకోనా ఫర్సెల్లాటా, పోడిసస్ మాక్యులివెంట్రిస్ లాంటివి గోధుమరంగులోనే ఉండి పంట నల్లులనే భ్రమ కలిగిస్తాయి. తేడా తొండం మొదటి ఖండంలో ఉంది. వేటాడేవాటికి అది లావుగా, తలకింద నుంచి విడివడి ఉంటుంది. రసం పీల్చేవాటికి సన్నగా ఉండి, తల అడుగున ఇరువైపులా ఉండే బక్యులే అనే రెండు పలకల మధ్య గాడిలో ఇమిడిపోతుంది. మా పదకొండింటిలోనూ తొండం సన్నగా, గాడిలోనే ఉంది. ఎసోపినే కాదు, పెంటాటోమినే అని రాసుకున్నాం.

అక్కడి నుంచి ఉదరం మొదట్లోని ముల్లు. ఈ కేసును విడదీసిన గుర్తు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాఫిగాస్టర్ నెబ్యులోసాకు ఉదరం అడుగున మొదటి భాగం నుంచి పొడవాటి ముల్లు ఒకటి కాళ్ళ మధ్యగా తలవైపు సాగి ఉంటుంది. హాలిస్‌కు ఆ ముల్లు లేదు. మాట చెప్పడం సులువే, చూడటంలో మాత్రం మోసం ఉంది. ఎండిన నల్లి తొండాన్ని ఒంటికి అంటించుకుని, కాళ్ళు ముడుచుకుని ఉంటుంది. కాళ్ళ మధ్య గీతలా కనిపించేది తొండమా, ముల్లా అన్నది పైనుంచి వెలుతురు వేస్తే తెలియదు. తొండం ముల్లును కప్పేయొచ్చు, ముల్లులా కూడా కనిపించవచ్చు. మెత్తబడిన పురుగును పక్కకు ఒరిగించి, సన్నని సూదితో తొండాన్ని కొద్దిగా ఎత్తాలి. తొండం తల నుంచి పుడుతుంది, దానికి కీళ్ళున్నాయి, నాలుగు ఖండాలు. ముల్లు ఉదరం నుంచి పుడుతుంది, కీళ్ళు లేవు, కదపబోతే ఒళ్ళంతా కదులుతుంది. ఇలా ఒక్కోదాన్నీ ఒరిగించి చూస్తే ఎనిమిదింటికి ముల్లు ఉంది. రెంటికి లేదు. తల, ఉరం పైరేకు మాత్రమే మిగిలిన పదకొండోదానికి చూడటానికి ఉదరమే లేదు.

ముల్లు ఒక్కటే చూసి పేరు రాయకూడదు. అకాంథోసొమాటిడే నల్లులకూ ఉదరపు ముల్లు ఉంటుంది, పెంటాటోమిడేలో ఇంకా కొన్ని ప్రజాతులకూ ఉంది. టార్సస్ ఖండాలు ముందే లెక్కపెట్టింది అందుకే. ముల్లుతో పాటు రెండు గుర్తులు కలిపి చూశాం. ఒకటి ముందు రెక్క చివరి పలుచని పొర. నెబ్యులోసాలో ఆ పొర మీద గుండ్రటి ముదురు చుక్కలు చెదురుగా ఉంటాయి. హాలిస్‌లో నరాల వెంట సాగిన ముదురు చారలు ఉంటాయి. ఎండినప్పుడు పొర ముడుచుకుని రెండు రెక్కల చుక్కలూ కలిసి చారల్లా అగుపిస్తాయి. రెక్కను కొద్దిగా ఎత్తి కింద తెల్లకాగితం ముక్క దూర్చితే స్పష్టంగా తెలుస్తుంది. రెండోది ఉదరం అడుగు రంగు. నెబ్యులోసాలో పసుపు ఛాయ మీద నల్లచుక్కలు జల్లినట్టుంటాయి. హాలిస్‌లో అడుగు లేతగా ఉండి, అలాంటి చుక్కల జల్లు ఉండదు. మూడు గుర్తులూ ఎనిమిదింటిలో ఒక వైపు, రెంటిలో రెండో వైపు చూపాయి. ఒక్క పురుగులోనూ గుర్తులు ఒకదానితో ఒకటి విభేదించలేదు.

ప్రాణంతో దొరికిన రెంటిలో ఒకటి ముల్లున్నది, ఒకటి ముల్లు లేనిది. ఫోన్ ఫొటోలోని పురుగును ఉదరం అంచు పట్టీల్లో ఉన్న చిన్న విరుపును బట్టి పోల్చుకున్నాం. అది ముల్లున్న వాటిలోదే. అంటే ఫొటో చూసి 'హాలిస్' అన్నది తప్పు. అయినా లాట్‌లో ముల్లు లేనివి రెండు ఉన్నాయి. మేం ఆ ఫొటో పురుగునొక్కదాన్నే పరీక్షించి 'కాదు' అని రాసిస్తే సరుకును అలాగే వదిలేసేవారు.

ముల్లు లేని రెండూ హాలిసేనా?

ముల్లు లేదు కాబట్టి హాలిస్ అనడానికి లేదు. ముందుగా దగ్గరి పోలికల్ని తీసేయాలి. ఎర్థెసినా ఫుల్లో కూడా సరుకుతో ప్రయాణించే ఆసియా నల్లే. కానీ అది పొడవులో పెద్దది, తల పొడవుగా సన్నగా ఉంటుంది, తల కొస నుంచి ప్రోనోటం (ఉరం పైరేకు) మీదికి నడిమధ్యగా సన్నని పసుపు గీత దిగుతుంది. మావాటికి తల మొద్దుగా, కొస దాదాపు చదరంగా ఉంది, గీత లేదు. ఉత్తర అమెరికా బ్రోకిమెనాకు ప్రోనోటం పక్క అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. మావాటికి నున్నగా ఉంది. స్పర్శశృంగంలో నాలుగో ఖండం మొదలు, కొస, అయిదో ఖండం మొదలు లేతగా ఉన్నాయి. యూస్కిస్టస్ నల్లుల్లో ఈ తెల్ల పట్టీలు ఉండవు. ఇంతవరకూ ప్రజాతి హాలియోమోర్ఫా అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఆ ప్రజాతిలో ఆసియా, ఆఫ్రికాల్లో కలిపి ముప్పైకి పైగా జాతులున్నాయి. సరుకు ఎక్కడిదో తెలియనప్పుడు హాలిస్ అన్న పేరు ఊరికే రాదు. పైగా పేర్ల చరిత్ర కూడా చిక్కుగానే ఉంది. తూర్పు ఆసియా నల్లిని పాత రచనల్లో మిస్టా, బ్రెవిస్, రెమోటా, పికస్ అన్న పేర్లతో రాశారు. 1978లో యోసిఫోవ్, కెర్జ్నర్ ఇద్దరూ పరిశీలించి, తూర్పు చైనా, కొరియా, జపాన్‌లలో ఉన్నది ఒకే జాతి, అది హాలిస్ అని తేల్చారు. హాలియోమోర్ఫా పికస్ అన్నది దక్షిణాసియాకు చెందిన వేరే జాతి. కాబట్టి పాత పుస్తకంలో 'పికస్' అని బొమ్మ ఉంటే అది ఎక్కడి నమూనాదో చూడకుండా పోల్చుకోకూడదు. డీఎన్‌ఏ డేటాబేసుల్లోనూ పాత పేరుతో చేరిన వరసలు ఉండొచ్చు. అందుకే మొదట వచ్చిన ఒక్క పోలికతో ఆగకుండా, దగ్గరగా వచ్చిన వరసలన్నీ ఏ నమూనాలవో, ఆ నమూనాలు ఏ దేశంలో సేకరించినవో చూశాం.

రెంటిలో ఎండినది మగది, తాజాది ఆడది. మగ నల్లిలో ఉదరం కొస ఒకే గిన్నెలాంటి కవచంగా ఉంటుంది, ఆడదాంట్లో జత పలకలు కనిపిస్తాయి. మగదాని జననాంగ కవచాన్ని మెత్తబరిచాక వంచిన సన్నని సూదితో లాగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గది వేడిమిలో ఒక రాత్రి ఉంచాం. వేడి చేస్తే పావుగంటలో అయిపోతుంది గానీ కనిపెట్టుకుని ఉండకపోతే అంతా గాజులా తేలిపోయి అంచుల ఆకారమే పోతుంది. ఒక్కటే మగది ఉన్నప్పుడు ఆ తొందర అక్కర్లేదు. తర్వాత నీళ్ళలో కడిగి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లంతో క్షారాన్ని విరిచి, గ్లిజరిన్‌లో పెట్టి పైనుంచి, వెనకనుంచి, పక్కనుంచి చూశాం. కవర్ స్లిప్ వేయలేదు. వేస్తే పారమియర్ (మగదాని జననాంగంలోని పట్టు అవయవం) కొక్కెం ఒరిగిపోయి బొమ్మతో పోలిక తప్పుతుంది. కవచం వెనక అంచు, పారమియర్ ఆకారం రెండూ హాలిస్ బొమ్మలతోనూ, మా దగ్గరున్న నిర్ధారిత నమూనాతోనూ సరిపోయాయి. చూశాక దాన్ని గ్లిజరిన్ చుక్కతో చిన్న గొట్టంలో వేసి అదే పిన్నుకు గుచ్చాం. విడిగా పెడితే ఏ పురుగుదో తెలియకుండా పోతుంది.

ఆడదాంట్లో అంత నమ్మకమైన ఆకారపు గుర్తు లేదు. దానికి డీఎన్‌ఏ మీద ఆధారపడ్డాం. తాజాది కాబట్టి 658 బేస్‌ల ముక్క పూర్తిగా, ఒకే వరుస శిఖరాలతో శుభ్రంగా వచ్చింది, హాలిస్ వరసలతో కలిసింది. తాజాగా దొరికిన ముల్లున్న నల్లిది కూడా అంతే శుభ్రంగా వచ్చి నెబ్యులోసాతో కలిసింది. ఎండినవాటిలో పూర్తి ముక్క రాలేదు. సుమారు 130 బేస్‌ల చిన్న ముక్క కొన్నిటిలో దొరికింది. హాలియోమోర్ఫానా, రాఫిగాస్టరా అన్నది తేల్చడానికి ఆ చిన్న ముక్క చాలు, ఎందుకంటే ప్రజాతుల మధ్య తేడా పెద్దది. హాలియోమోర్ఫాలోనే జాతుల్ని విడదీయడానికి అది చాలదు. మగదాని విషయంలో జననాంగాన్ని ప్రధాన ఆధారంగా తీసుకున్నది అందుకే. విడివిడిగా చేసిన గ్రాఫుల్లో ఒక్కదాంట్లోనూ జంట శిఖరాలు లేవు. మొదటి ల్యాబ్ గజిబిజికి కారణం కాళ్ళను కలపడమే.

పదకొండోది

తల, ప్రోనోటం మాత్రమే ఉన్న ముక్క. స్పర్శశృంగాలు లేవు. తొండం మొదటి ఖండం సన్నగా గాడిలో ఉంది. చిన్న డీఎన్‌ఏ ముక్క కూడా రాలేదు. తల ఆకారం చూసి పేరు ఊహించొచ్చు, కానీ పక్కనున్న పదింటిలో రెండు జాతులు ఉన్నప్పుడు ఆ ఊహకు విలువ లేదు. 'పెంటాటోమిడే, పెంటాటోమినే, జాతి నిర్ధారణ కాలేదు' అని రాసి, ఏ గుర్తులు లేకపోవడం వల్ల ఆగామో కూడా రాశాం. సరుకు మీద నిర్ణయం తీసుకునేవారికి ఆ రెండో వాక్యమే ఎక్కువ ఉపయోగం. ఇది హాలిస్ కూడా కావచ్చని వాళ్ళు లెక్కలో ఉంచుకోవాలి.

నివేదిక

లాట్‌కు ఒక పేరు రాయలేదు. అంకెల వారీగా రాశాం: ఎనిమిది రాఫిగాస్టర్ నెబ్యులోసా (పోడా, 1761), రెండు హాలియోమోర్ఫా హాలిస్ (స్టాల్, 1855), ఒకటి ఉపకుటుంబం వరకే. రచయిత పేరు బ్రాకెట్లో ఎందుకని అడిగారు. స్టాల్ మొదట దాన్ని పెంటాటోమా ప్రజాతిలో వర్ణించాడు, తర్వాత ప్రజాతి మారింది. ప్రజాతి మారినప్పుడు మొదటి రచయిత పేరు బ్రాకెట్లో వేయడం జంతునామకరణ నియమం. వర్గీకరణ కూడా పూర్తిగా ఇచ్చాం: హెమిప్టెరా క్రమం, హెటెరోప్టెరా ఉపక్రమం, పెంటాటోమిడే కుటుంబం, పెంటాటోమినే ఉపకుటుంబం. హాలియోమోర్ఫా పేరు చూసి దాన్ని హాలీని తెగలో వేయాలనిపిస్తుంది, పాత జాబితాల్లో అలాగే ఉంటుంది కూడా. ఇప్పటి వర్గీకరణలో అది కాపీని తెగలో ఉంది. హాలీనిలో ఉన్నది ఎర్థెసినా.

ప్రతి పేరు పక్కనా ఆధారం రాశాం: ముల్లు, పొర, అడుగు రంగు, జననాంగం, డీఎన్‌ఏ పొడవు. 'ప్రాణంతో దొరికింది' అన్నది హాలిస్ ఆడదాని పక్కన విడిగా పెట్టాం, ఎందుకంటే చచ్చినది దొరకడానికీ బతికున్న ఆడది దొరకడానికీ ముప్పులో చాలా తేడా ఉంది. సరుకును శుద్ధి చేయించారు. గోదాములకూ సమాచారం వెళ్ళింది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నమూనా పంపేవారికి ఇచ్చే ఫారంలో ఫొటోల సంఖ్య కంటే కోణాలు అడుగుతున్నాం. పైనుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి, కాళ్ళ మధ్య భాగం కనిపించేలా పక్కనుంచి ఒకటి, స్పర్శశృంగం దగ్గరగా ఒకటి, రెక్క చివరి పొర ఒకటి. వెల్లకిలా తీసిన ఒక్క ఫొటో ఉన్నా ఈ కేసులో అనుమానం మొదటిరోజే వచ్చేది.

దొరికినవన్నీ పంపమంటున్నాం, 'బాగున్నది ఒకటి ఏరి' పంపొద్దంటున్నాం. ఏరేటప్పుడు పెద్దది, చెక్కుచెదరనిది ఏరుతారు. ఇక్కడ అలా ఏరి ఉంటే పది పాళ్ళలో ఎనిమిది పాళ్ళు నెబ్యులోసాయే వచ్చేది. తాజావాటిని 95 శాతం ఆల్కహాల్‌లో, ఎండినవాటిని పొడిగా మెత్తని కాగితంలో పంపాలి. ఎండినవాటిని ఆల్కహాల్‌లో వేస్తే రంగు మారి, అడుగు చుక్కలు మసకబారతాయి. దూది వద్దు. దాని నూలుపోగుల్లో గోళ్ళు, స్పర్శశృంగాలు చిక్కుకుని విరుగుతాయి.

ఒకే లాట్‌లో పిల్ల పురుగులు, గుడ్లు కూడా వస్తే పెద్దవాటి పేరును వాటికి అంటగట్టం. హాలిస్ గుడ్లు లేతరంగులో, చాలాసార్లు 28 చొప్పున ఒక గుంపుగా ఉంటాయి. పిల్లలకు కాళ్ళ మీద తెల్లపట్టీలు స్పష్టంగా ఉంటాయి. అయినా ఇవి దారి చూపేవే గానీ తీర్పు చెప్పేవి కావు. వాటికి విడిగా అంకె, విడిగా గొట్టం, విడిగా డీఎన్‌ఏ. గుడ్లు పొదిగే స్థితిలో ఉంటే సగం ఆల్కహాల్‌లో వేసి, అనుమతి ఉన్న మూసిన గదిలో మాత్రమే మిగతా సగాన్ని పెంచి పెద్ద పురుగు అయ్యాక చూస్తాం. అనుమతి లేనిచోట మొత్తం ఆల్కహాల్‌లోకే.